యల్లాప్రగడ సుబ్బారావు

మానవదేహమున రాత్రింబవళ్లు విశ్రాంతి యెరుగక పనిచేయు అవయవము గుండె. అది నిమిషమునకు సుమారు 70 పర్యాయములు, దినమునకు సుమారు లక్ష పర్యాయములు కొట్టుకొనును. బండి కదలుటకు ఎద్దులు, యంత్రము నడచుటకు ఇంధనము కావలెను గదా! మరి ఈ పిడికెడు కండరమును బ్రతికినంతకాలము కదలించు శక్తి యేది? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొన్న శాస్త్రజ్ఞులలో ఒక తెలుగువాడు కలడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. వారి సంతానము ఏడుగురిలో ఈయన నాల్గవవాడు. కుటుంబమునకు ధనబలము లేదు. బాలుడైన సుబ్బారావునకు చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని తలచి, పదమూడవ యేట ఇల్లు విడిచిపోయెను. తల్లి వెదకించి వెనుకకు రప్పించి, మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. భర్త మరణించిన పిదప వెంకమ్మ తన నగలు అమ్మి కుమారుని చదివించినది. ఆ తల్లి పట్టుదలయే లేనిచో లోకమునకు ఈ శాస్త్రజ్ఞుడు దక్కియుండడు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి, సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావు ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది కంటగింపయ్యెను. తత్ఫలితముగా, ఇతర విషయములలో చక్కగా రాణించినను, సుబ్బారావునకు ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులుగా తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే లభించెను. ఆయన క్రుంగిపోలేదు, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడై పనిచేసెను. 1919లో శేషగిరితో వివాహమయ్యెను. ఇంతలో స్ప్రూ అను జీర్ణవ్యాధివలన ఇద్దరు సోదరులు కొలది దినముల వ్యవధిలో మరణించిరి. వైద్యము తెలిసియు తోబుట్టువులను కాపాడుకొనలేకపోతినన్న బాధ ఆయనను పరిశోధనవైపు మరల్చినది.

మామగారి సహాయముతోను, కాకినాడలోని సత్యలింగము నాయకరు ధర్మసంస్థ తోడ్పాటుతోను సుబ్బారావు 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టను నగరము చేరెను. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచుట. వైద్యపట్టభద్రుడనైతినే, ఈ పని చేయుట యెట్లని ఆయన సిగ్గుపడలేదు. పిమ్మట సైరస్ ఫిస్కే అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరెను. రక్తములోను, మూత్రములోను గల భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని పేరుపొందిన దానిని ప్రపంచమందలి ప్రయోగశాలలు అనేక సంవత్సరములు అనుసరించినవి.

ఆ కొలత చేతికి వచ్చినతోడనే కండరముల రహస్యము బయటపడ నారంభించెను. అప్పటి పండితులు కండరము సంకోచించుటకు లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే మూలమని నమ్ముచుండిరి. ఫిస్కే, సుబ్బారావులు 1927లో కండరమున ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. కండరము పనిచేయునపుడు అది తరుగును. విశ్రమించినపుడు మరల నిండును. 1929లో వారు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను మరియొక పదార్థమును వేరుచేసిరి. దీనినే ఏటీపీ అందురు. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దీనిని విడిగా కనుగొనెను. మనము తిన్న అన్నములోని శక్తి చివరకు ఏటీపీగా మారిననే కండరమునకు ఉపయోగపడును. రైతు ఇంటిలో నిత్యపు ఖర్చులకు చేతిలోనున్న రొక్కము ఏటీపీ యనుకొన్నచో, అవసరమునకు గాదెలో దాచిన ధాన్యము ఫాస్ఫోక్రియాటిన్ అనవచ్చును.

1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావునకు డాక్టరేటు నిచ్చినను, అచట స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లెను. 1942లో పరిశోధనలకు అధిపతియయ్యెను. ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. స్ప్రూ వ్యాధిలో కలుగు రక్తహీనతకు అది మందు. సోదరుల మరణమునాటి సంకల్పము ఇట్లు నెరవేరినది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పసిపిల్లల రక్తపు క్యాన్సరుపై తొలిసారి పనిచేసిన అమినోప్టెరిన్, పలు అంటువ్యాధులను అణచు ఆరియోమైసిన్ అక్కడనే వెలువడినవి. ఇన్ని సాధించినను ఆయన కీర్తికొరకు ప్రాకులాడలేదు. స్వదేశమునకు మరల రాలేదు. భార్యను తిరిగి చూడనేలేదు.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, సుబ్బారావు గుండెపోటువలన మరణించెను. కండరశక్తి గుట్టు విప్పిన మేధావి తన గుండె ఆగుటచే అకాలమృత్యువు పాలగుట ఎంతటి విషాదము!

ఆ మరణము ఎట్టిదో ఆయన పరిశోధనయే మనకు బోధించును. గుండెకు రక్తమును అందించు ధమనులు సన్ననివి. వానిలో క్రొవ్వు పేరుకొని, రక్తము గడ్డకట్టి దారి మూసినచో, ఆ భాగపు కండరమునకు ప్రాణవాయువు అందదు. ప్రాణవాయువు లేనిదే ఏటీపీ తగినంత తయారుకాదు. నిలువయున్నది కొలది క్షణములకే చాలును. గాదె వట్టిపోయినది, చేతి రొక్కము తీరినది. అంతట కండరము పనిమాని, క్రమముగా చచ్చుబడును. గుండెపోటు అనగా నిదియే.

నాటి వైద్యులకు ఇట్టి రోగికి పడకవిశ్రాంతి విధించుటకంటె ఎక్కువ చేయుటకు సాధనములు చాలవు. ముందుగా ప్రమాదమును పసికట్టు జ్ఞానమును అల్పమే. వయసుతోపాటు రక్తపుపోటు పెరుగుట సహజమని పలువురు వైద్యులు తలచుచుండిరి. సుబ్బారావు మరణించిన 1948వ సంవత్సరముననే, ఆయన యౌవనమున చదివిన బోస్టనునకు చేరువలోని ఫ్రామింగ్‌హాము పట్టణమున ఒక గొప్ప పరిశీలన ఆరంభమయ్యెను. 5,209 మంది స్త్రీపురుషులను సంవత్సరములతరబడి పరీక్షించిరి. అధిక రక్తపుపోటు, రక్తమున కొలెస్టరాలు హెచ్చుట, పొగత్రాగుట గుండెజబ్బునకు దారితీయునని 1960వ దశకము నాటికి తేలినది. ఆ విజ్ఞానము సుబ్బారావునకు అందలేదు, మనకు అందినది.

రక్తపుపోటు అనగా రక్తము ధమనుల గోడలపై కలిగించు ఒత్తిడి. ఇటలీ దేశీయుడు రివా-రోచ్చి 1896లో చేతికి పట్టీ చుట్టి దానిని కొలుచు పరికరమును చేసెను. రష్యా వైద్యుడు కొరొత్కోవ్ 1905లో నాడిపై శబ్దములు విని కొలుచు పద్ధతిని తెలిపెను. నేడు తమిళనాడు సరిహద్దున నున్న సత్యవేడు వంటి ఊళ్లయందును ఆరోగ్యకేంద్రములలో ఈ పరీక్ష నిమిషములలో జరుగును. పరీక్షకు ముందు అరగంటసేపు కాఫీ, టీలు, పొగ మానవలెను. ఐదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండి, వీపు ఆనించి, పాదములు నేలపై మోపి, చేతిని గుండెయెత్తున ఉంచవలెను. 120కి 80 కంటె తక్కువ యున్నచో మంచిది. పలుమార్లు కొలిచినను 140కి 90 లేక అంతకంటె హెచ్చుగా నున్నచో, వైద్యుని ఆశ్రయింపవలెను.

ఈ వ్యాధి దొంగవలె వచ్చును. తలనొప్పియైనను లేకుండ ఏండ్లతరబడి ధమనులను చెరచును. కావున బాధ లేదని పరీక్ష మానరాదు; కొంత నయమైనదని మందులు స్వయముగా ఆపరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, చల్లమిరపకాయ మితముగా తినవలెను. బీడీ, చుట్ట, సిగరెట్టు దరిచేరనీయరాదు. ప్రతిదినము నడువవలెను. రొమ్ము బరువెక్కి, నొప్పి ఎడమచేతికి ప్రాకి, చెమట పట్టినచో ఉపేక్షింపక 108 వాహనమును పిలువవలెను. అట్టివేళ ప్రతి నిమిషము కొంత కండరమును కాపాడును.

1995లో శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము సుబ్బారావు స్మారకముగా తపాలాబిళ్లను విడుదలచేసెను. ఆయనకు అసలైన స్మారకము మరియొకటి కలదు. పరీక్షలో తప్పినను పట్టువిడువని ఆయన ఓర్పును విద్యార్థులు అలవరచుకొనవలెను. తమ ఇండ్లలోని తాతలకు, అమ్మమ్మలకు, తల్లిదండ్రులకు రక్తపుపోటు చూపించుకొనుడని గుర్తుచేయవలెను. ఆయన మన గుండె బలమెక్కడిదో తెలిపి వెళ్లెను. ఆ బలమును కాపాడుకొనుట మన వంతు.