క్షామకాలమున ఒక శాసనసభ్యుడు: డేనియల్ ఓకానెల్

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యమని మన దేశమున ఆబాలగోపాలమునకు దెలియును. సత్రములు, చలివేంద్రములు, అన్నదానములు మన గ్రామములకు క్రొత్తవి కావు. కాని ఒక యూరిలో పదిమంది ఆకలిగొన్నపుడు పనికివచ్చు దానము, ఒక దేశమున ముప్పది లక్షలమంది ఆకలిగొన్నపుడు చాలదు. అప్పుడు ధాన్యము ఎచటికి పోవలెను, ఏ ఓడలు ఆగవలెను, ఏ పన్నును ఎవరు చెల్లింపవలెను అను ప్రశ్నలు పుట్టును. ఇవి దాత దయతో తేలునవి కావు; శాసనముతో తేలవలసినవి. ఈ సత్యమును జీవితపు చివరి రెండేండ్లలో నిండుగ గ్రహించి, దానిని చెప్పుచునే కన్నుమూసిన శాసనసభ్యుడు ఐర్లండు దేశనాయకుడు డేనియల్ ఓకానెల్.

ఆతడు 1775 ఆగస్టు 6వ తేదీన ఐర్లండు నైరృతి కొననున్న కెర్రీ మండలమున జన్మించెను. వంశము ప్రాచీనమైనది, మతము కాథలిక్కు. నాటి శాసనములచే దేశమున నూటికి ఎనుబదిమందియైన కాథలిక్కులకు పార్లమెంటులో ప్రవేశము లేదు. సంతానము లేని పెదతండ్రి పెంపకమున పెరిగి, ఫ్రాన్సు దేశమున చదువుచుండగా అచటి విప్లవపు రక్తపాతమును సమీపమునుండి చూచెను. హింసవలన వచ్చు స్వాతంత్ర్యము నిలువదను నమ్మకము ఆనాడే ఆతని హృదయమున నాటుకొనెను. 1798లో న్యాయవాది యయ్యెను. రెండేండ్లకు డబ్లినులోని ఐరిషు పార్లమెంటును రద్దుచేసి ఐర్లండును బ్రిటనుతో కలుపు చట్టము వచ్చెను. దానిని ప్రతిఘటించుటతో ఆతని ప్రజాజీవనము ఆరంభమైనది. ఆ రద్దు ఎంతటి చేటు తెచ్చునో నలుబదియైదేండ్ల తరువాత క్షామము చూపెను.

1823లో ఓకానెల్ కాథలిక్కు సంఘమును స్థాపించెను. మరుసటియేట నెలకొక పెన్నీ చొప్పున చందా యిచ్చిన బీదకు సైతము అందు స్థానము కల్పించెను. 1920 తరువాత మన కాంగ్రెసు నాలుగణాల సభ్యత్వముతో పల్లెలను చేరినట్లే, ఈ పెన్నీతో ఐర్లండు నాయకత్వము గుడిసెలను చేరినది. 1828లో క్లేర్ మండలపు ఉపయెన్నికలో ఆతడు నిలిచి గెలిచెను. సాలుకు నలుబది షిల్లింగుల విలువగల భూమిపై ఓటుహక్కు గల చిన్న కర్షకులు తమ భూస్వాముల మాట మీరి ఆతనికి ఓటు వేసిరి. లండను ప్రభుత్వము జంకి, 1829లో కాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరచెను.

కాని ఆ విజయమునకు ఒక వెల కలదు. అదే సమయమున మరియొక చట్టముచే ఓటుహక్కుకు కావలసిన అర్హతను నలుబది షిల్లింగులనుండి పది పౌనులకు పెంచిరి. ఓకానెల్‌ను గెలిపించిన కర్షకులే ఓటు కోల్పోయిరి. ఆతడు దీనిని వలదనెను గాని, పెద్దది దొరకినదని చిన్నదానికై పోరాటము సాగింపలేదు. పదునేడేండ్లకు ఆకలి వచ్చి తలుపు తట్టినపుడు, ఓటులేని ఆ గుడిసెల మాటను లక్ష్యపెట్టవలసిన అవసరము ఏ మంత్రికిని లేకపోయెను.

బీదల పోషణ విషయమున ఆతని అభిప్రాయము మొదటినుండియు ఒకే తీరున లేదు. 1838లో ఐర్లండునకు బీదల పోషణ చట్టము వచ్చినది. దేశమును 130 భాగములుగ విభజించి, భాగమునకొక పనిశాల కట్టి, అందు చేరిన నిరుపేదలకు మాత్రమే తిండి పెట్టుట, ఖర్చును స్థానికపు భూమి పన్నునుండి రాబట్టుట దాని పద్ధతి. అంతకుముందు ఇటువంటి చట్టము వలయుననియు, వలదనియు ఊగిసలాడిన ఓకానెల్, తుదకు దీనిని వ్యతిరేకించెను. బీదదేశము ఈ పన్ను మోయలేదనియు, పనిశాల కుటుంబమును చీల్చుననియు, ఇరుగుపొరుగుల దయాధర్మము ఎండిపోవుననియు ఆతని వాదము. పనిశాలలో భర్తను భార్యను బిడ్డలను వేరుచేసి ఉంచిరి గనుక, ఆ భయము నిజమే. కాని పనిశాల కాకున్న మరేమి యను ప్రశ్నకు ఆనాడు ఆతనివద్ద గట్టి సమాధానము లేదు. ఇరుగుపొరుగుల దయను ఆతడు ఎక్కువగ నమ్మెను.

1840 తరువాత ఐర్లండునకు స్వంత పార్లమెంటు తిరిగి కావలెనని ఆతడు మహోద్యమము నడపెను. 1843 ఆగస్టులో పూర్వపు రాజుల కొండయైన తారాపై లక్షలాది జనులు కూడిరి. అక్టోబరులో క్లాంటార్ఫు సభను ప్రభుత్వము నిషేధింపగా, రక్తపాతము జరుగునని తలచి సభను తానే మానివేసెను. అయినను 1844లో కారాగారము తప్పలేదు. మూడు నెలలకు ప్రభువుల సభ ఆ శిక్షను కొట్టివేసెను. బయటకు వచ్చునప్పటికి ఆతనికి డెబ్బది సమీపించినది, దేహము సడలినది. ఈ స్థితిలో క్షామము వచ్చెను.

నాటి ఐర్లండు జనాభా 80 లక్షలకు పైమాట. అందు మూడవవంతు ప్రజలకు బంగాళాదుంపయే ఆహారము. గోధుమ, ఓట్సు, పశువులు, వెన్న ఆ దేశమున పండకపోలేదు. అవి కౌలు కట్టుటకు అమ్ముకొనునవి. కర్షకుడు తన చేతులతో పండించిన ధాన్యము ఓడలలో ఇంగ్లండు పోవుచుండగా, తాను దుంప తిని బ్రదుకుచుండెను. 1845 శరత్కాలమున ఆ దుంపకు తెగులు సోకినది. పచ్చగనున్న చేను నల్లబడి, త్రవ్వితీసిన దుంప కుళ్ళి కంపుకొట్టినది.

ఇచట ఓకానెల్ చూపిన తీరు స్మరణీయము. ఆకలి చావులు ఇంకను మొదలు కాకముందే, అక్టోబరు చివరను డబ్లిను నగరసభలో ఆతడు ఒక పూర్తి ప్రణాళికను ఉంచెను. ధాన్యమును దేశము దాటనీయరాదు. ధాన్యముతో సారా కాచుట ఆపవలెను. విదేశపు బియ్యమునకు, మొక్కజొన్నకు సుంకము లేకుండ రేవులు తెరువవలెను. రైలుమార్గములు మొదలగు కరువు పనులు పెట్టి కూలి యీయవలెను. ఐర్లండు అడవుల రాబడిని తాకట్టుపెట్టి 15 లక్షల పౌనుల అప్పు తేవలెను. భూస్వాములపై పన్ను వేయవలెను. దేశమున ఉండక ఇంగ్లండులో కూర్చుండి కౌలు తినువారిపై అది మరింత హెచ్చుగ ఉండవలెను. నవంబరు 3వ తేదీన లీన్‌స్టర్ ప్రభువు, డబ్లిను మేయరు మొదలగు ప్రముఖులతో కలిసి ఆతడు రాజప్రతినిధి హేట్స్‌బరీ ప్రభువు కడకు పోయెను. రాజప్రతినిధి ముందుగా వ్రాయించుకొనిన సమాధానమును చదివి, విచారణ జరుగుచున్నదని చెప్పి వారిని సాగనంపెను.

భూములు గల మన పాఠకులు గమనింపవలసినది ఒకటి కలదు. ఓకానెల్ స్వయముగ భూస్వామి. పెద్ద ప్రభువులనుండి భూమిని కౌలుకు తీసుకొని చిన్న కర్షకులకు తిరిగి కౌలుకిచ్చు మధ్యవర్తి గూడను. ఆ యేటనే లండను టైమ్సు పత్రిక విలేఖరి కెర్రీకి పోయి, ఆతని కౌలుదార్లు కిటికీలు లేని గుడిసెలలో ఉన్నారని లోకమునకు చాటెను. అందు కక్ష కొంత, నిజము కొంత. ఓకానెల్ అందరిని తన భూమిపై ఉండనిచ్చువాడే గాని, దానిని బాగుచేయించిన యజమాని కాడు. అయినను భూస్వాములపై పన్ను వేయుడని అడిగినపుడు ఆతడు తన్ను తాను మినహాయించుకొనలేదు. ఏడేండ్ల క్రిందట పన్నుకు భయపడి బీదల చట్టమును కాదన్నవాడు, ఆకలిని కన్నులార చూచిన పిమ్మట తన తరగతివారి సంచి విప్పవలెనని కోరెను. అభిప్రాయము మారుట కొన్నియెడల చపలత్వమగును. ఇచట వివేకమే యైనది.

ప్రధానమంత్రి పీల్ పూర్తిగ కఠినుడు కాడు. లక్ష పౌనుల మొక్కజొన్నను అమెరికానుండి రహస్యముగ కొనిపించి, 1846లో చవుకగ అమ్మించెను. 1846 ఫిబ్రవరిలో ఓకానెల్ కామన్సు సభలో క్షామ నివారణకై సభయంతయు సమితిగ కూర్చుండవలెనని ప్రతిపాదించెను. జూనులో ధాన్యపు సుంకముల చట్టమును పీల్ రద్దుచేయించెను. కాని ఆ రాత్రియే ఐర్లండునకై తెచ్చిన నిర్బంధచట్టపు బిల్లు ఓడిపోయి ఆతని ప్రభుత్వము కూలెను. ఆ బిల్లును ఓకానెల్ గట్టిగ ఎదిరించెను. పల్లెలలోని దౌర్జన్యములకు మూలము కౌలుదారును భూమినుండి వెళ్ళగొట్టు పద్ధతియే యనియు, దానిని మార్చక దండనను పెంచుట వ్యర్థమనియు ఆతని వాదము.

తరువాత వచ్చిన విగ్గు మంత్రి రస్సెల్ ప్రభువును ఓకానెల్ నమ్మెను. ఇది ఆతని పెద్ద తప్పిదము. 1846లో దుంప పంట దాదాపు పూర్తిగ నాశనమైనది. అయినను వర్తకమున ప్రభుత్వము జోక్యము చేసికొనరాదను సిద్ధాంతమునకు కోశాగార కార్యదర్శి చార్లెస్ ట్రెవెల్యన్ కావలి నిలిచెను. ధాన్యమును ఆపలేదు, ప్రభుత్వపు గిడ్డంగులలో అంగడి ధరకు తక్కువగ అమ్మలేదు. కరువు పనుల ఖర్చును స్థానికపు పన్నుపైననే మోపిరి. 1847 మార్చి నాటికి ఏడు లక్షలకు మించిన జనము ఆ చలిలో రాళ్ళు కొట్టిరి. ఆ కూలి నాటి ధరలకు కుటుంబపు తిండికి చాలలేదు. ఎగుమతి ఆపినంతనే కరువు తీరెడిది కాదని నేటి చరిత్రకారులు చెప్పుదురు. 1847లో దిగుమతియైన ధాన్యము ఎగుమతిని మించినమాట నిజము. కాని అది చేరకముందు గడచిన ఆ శీతకాలమున, దేశములోనున్న ధాన్యమును ఆపియుండిన ఎందరో బ్రదికెడివారు. 1845లో ఓకానెల్ అడిగినది ఆ వ్యవధి కొరకే.

1847 ఫిబ్రవరి 8వ తేదీన ఆతడు కామన్సు సభలో కడసారి లేచెను. ఒకప్పుడు కొండలపై లక్షలమందికి వినవచ్చిన ఆ కంఠము ఆనాడు దగ్గరి బల్లలకు సైతము సరిగ వినబడలేదు. ఐర్లండు సభవారి చేతిలో ఉన్నదనియు, వారు కాపాడకున్న జనాభాలో నాలుగవవంతు నశించుననియు ఆతడు హెచ్చరించెను. సభ గౌరవముతో ఆలకించెను. అంతకు మించి కదలలేదు. వైద్యుల సలహాపై రోము యాత్రకు బయలుదేరి, మే 15వ తేదీన ఇటలీలోని జెనోవాలో ఆతడు మరణించెను. హృదయమును రోమునకు పంపి, దేహమును స్వదేశమునకు తెచ్చి డబ్లినులో ఖననము చేసిరి.

ఆ వేసవిలో ప్రభుత్వము ఉచితముగ అంబలి పోయించెను. దినమునకు ముప్పది లక్షలమంది దానితో ప్రాణము నిలుపుకొనిరి. ప్రభుత్వము తలచిన చేయగలదని ఇందువలన తేలినది. అయినను శరత్కాలమునకు ఆ కేంద్రములను మూసి, భారమును తిరిగి పనిశాలలపై పెట్టిరి. పావు ఎకరమునకు మించిన భూమి గలవానికి సహాయము లేదను నిబంధన చేర్చిరి. అన్నము కొరకు భూమినో, భూమి కొరకు ప్రాణమునో వదలుకొనవలసి వచ్చెను. పది లక్షలమంది చనిపోయిరి. మరి పది లక్షలమంది ఓడలెక్కిరి. 1841లో 81 లక్షలకు మించిన జనాభా 1851లో 65 లక్షలకు దిగినది. ఓకానెల్ అంచనా అతిశయోక్తి కాలేదు.

ఈ కథ ఆంధ్రులకు పరాయిది కాదు. ఐర్లండునకు ముందే, 1832-33లో నందన నామ సంవత్సరపు కరువున గుంటూరు సీమలో మూడవవంతుకు మించిన జనము నశించెనని అంచనా. ఐర్లండు కోశమును కావలి కాచిన ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరై వచ్చెను. 1876-78 ధాత కరువున బళ్ళారి, కర్నూలు, కడప సీమలు మాడిపోవుచుండగా, రిచర్డు టెంపుల్ కరువు కూలిని మనిషికి దినమునకు ఒక పౌను ధాన్యమునకును కొద్దిపాటి రొక్కమునకును తగ్గించెను. అది ప్రాణమునకు చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదింపవలసి వచ్చెను. ఖజానాకు మిగులు చూచుట, వర్తకమును తాకకుండుట, ఆకలి నిజమా యని పరీక్షించుట: అచటను ఇచటను అవే సూత్రములు. రెండుచోట్లను ఆకలిగొన్నవారికి ఆ సూత్రములు మార్చు ఓటు లేదు.

ఓకానెల్ లోపరహితుడు కాడు. ఓటు పోయిన కర్షకులకై నిలువలేదు. చివరకు తగనివారిని నమ్మెను. కాని ధాన్యము ఉండగానే జనము చచ్చునపుడు ఆ నేరము ప్రకృతిది కాదనియు, శాసనాధికారము గల చేతులదే యనియు ఆతడు చావులకు ముందే చెప్పెను. 2013లో మన పార్లమెంటు ఆహార భద్రతా చట్టము చేసి, తిండిగింజలను దయనుండి హక్కునకు మార్చినది. ఆ హక్కు కాగితముపై నిలుచునా, కంచములోనికి వచ్చునా యనునది చట్టము చేసినవారి జాగరూకతపైనను, కలిగినవారు పన్ను మోయు సమ్మతిపైనను ఆధారపడియున్నది. కలిగినవాడై యుండియు ఆ సమ్మతిని ముందుగ తెలిపిన వృద్ధుని మాటను 1847లో సభ వినలేదు. దానికి ఐర్లండు చెల్లించిన వెల ఇరువది లక్షల మనుష్యులు.