ఆయిలర్ - భ్రమణ చలనము

భౌతికశాస్త్ర పరీక్షలలో విద్యార్థులను మిక్కిలి తికమకపెట్టునవి భ్రమణ చలన సమస్యలే అని మేము తలంచుచున్నాము. వాటిలో అడుగడుగునా ఎదురయ్యే జడత్వ భ్రామకమునకు ఆ పేరు పెట్టి, శాస్త్రమున స్థానము కల్పించినవాడు లియొనార్డ్ ఆయిలర్.

ఆయన 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున జన్మించినాడు. తండ్రి మతబోధకుడు, కుమారుడును ఆ వృత్తినే చేపట్టవలెనని ఆయన కోరిక. కాని గణిత విద్వాంసుడైన యోహాన్ బెర్నూలి బాలుని ప్రతిభను గుర్తించి తండ్రిని ఒప్పించినాడు. ఆయిలర్ 1727లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గునకు, 1741లో బెర్లినునకు వెళ్ళి, 1766లో మరల పీటర్స్‌బర్గు చేరినాడు.

న్యూటన్ సూత్రములు బిందువు వంటి కణమునకు చక్కగా సరిపోవును. గిరగిర తిరిగే బొంగరము దగ్గరకు వచ్చుసరికి చిక్కు మొదలగును. దానిలో అక్షమునుండి వేర్వేరు దూరములలోని కణములకు వేర్వేరు వేగములు గదా! అయినను కోణీయ వేగము అన్నిటికీ ఒక్కటే. కావున ద్రవ్యరాశి ఎంత యన్నదే కాక, అది అక్షమునకు ఎంత దూరమున పరచుకొని యున్నదన్నదియు లెక్కింపవలెను. ప్రతి కణపు ద్రవ్యరాశిని దూరపు వర్గముతో గుణించి కూడగా వచ్చునదే జడత్వ భ్రామకము. 1765లో వెలువడిన దృఢ వస్తు చలన గ్రంథములో ఆయిలర్ దీనిని విపులముగా వివరించినాడు.

ఒక కంకణమును, ఒక బిళ్ళను వాలుతలముపై జారకుండ దొర్లించినచో ఏది ముందు చేరును? బరువైనదని వ్రాసి మార్కులు పోగొట్టుకొనువారే ఎక్కువ. నునుపైన వాలుపై జారు వస్తువు త్వరణములో కంకణమునకు 1/2 వంతు, బిళ్ళకు 2/3 వంతు లభించును. బరువుతోగాని వ్యాసార్ధముతోగాని నిమిత్తము లేదు. బిళ్ళయే ముందు చేరును. సూత్రము బట్టీపట్టుటకన్న ముందుగా అక్షము ఏదో గుర్తించుట మేలని మా అభిప్రాయము.

1738 ప్రాంతమున ఆయన కుడికన్ను చూపు పోయినది. పీటర్స్‌బర్గు తిరిగి వచ్చిన కొలది కాలమునకే రెండవ కంటిని శుక్లము క్రమ్మినది. 1771లో జరిగిన శస్త్రచికిత్సవలన చూపు కొద్ది దినములు మాత్రమే నిలిచినది. అదే సంవత్సరము ఇల్లు అగ్నికి ఆహుతి అయినది. అయినను కుమారులకు, శిష్యులకు చెప్పి వ్రాయించుచు పని సాగించినాడు. ఒక బిందువు కదలకుండ దృఢ వస్తువును ఎన్ని విధముల త్రిప్పినను, ఆ మార్పంతయు ఒకే అక్షము చుట్టు ఒకే భ్రమణముతో సాధ్యమన్న సిద్ధాంతము 1775 నాటిది. తిరుగు వస్తువును కంట చూడలేని దినములలో వచ్చిన సిద్ధాంతమది!

1783 సెప్టెంబరు 18న, క్రొత్తగా కనుగొనబడిన యురేనస్ గ్రహ కక్ష్యను గూర్చి సహచరునితో ముచ్చటించిన దినముననే ఆయన కన్నుమూసినాడు.