కంచంలో దొరికిన మందు: డాక్టర్ జోసఫ్ గోల్డ్‌బర్గర్

పిచ్చాసుపత్రిలో చేరిన మనిషికి మందు వంటింట్లో ఉందంటే ఎవరు నమ్ముతారు? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పేరుమోసిన డాక్టర్లే నమ్మలేదు. వాళ్ళని నమ్మించడానికి ఒక మనిషి తన ఆఖరి పదిహేనేళ్ళూ ధారపోశాడు. ఆయనే డాక్టర్ జోసఫ్ గోల్డ్‌బర్గర్. మెడిసిన్ చదివిన మిత్రులకి ఈ పేరు పాఠాల్లో తగిలే ఉంటుంది. తక్కినవాళ్ళం కూడా తెలుసుకోదగిన జీవితం ఆయనది.

ఆనాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, నేటి స్లొవేకియాలోని ఒక పల్లెలో, 1874 జూలై 16న ఒక పేద యూదు కుటుంబంలో ఆయన పుట్టాడు. 1883లో ఆ కుటుంబం అమెరికా వలస వెళ్ళింది. న్యూయార్కులో తండ్రి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఇంజనీరు కావాలని మొదలుపెట్టిన కుర్రాడు మనసు మార్చుకుని వైద్యంలో చేరి, 1895లో పట్టా పుచ్చుకున్నాడు. 1899లో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖలో ఉద్యోగం దొరికింది. అంటురోగాల మీద పని. పని చేసిన చోటల్లా ఆ రోగాలు ఆయన్నీ పట్టుకున్నాయి. యెల్లో ఫీవరు, డెంగ్యూ, టైఫస్ మూడూ వచ్చి, చావు దాకా వెళ్ళి బయటపడ్డాడు.

1914లో ప్రభుత్వం ఆయనకి పెల్లాగ్రా సంగతి చూడమని అప్పజెప్పింది. ఈ జబ్బులో ఎండ తగిలే చోట, చేతుల మీదా మెడ మీదా, చర్మం నల్లబడి పొరలుగా లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ఆపైన నిద్ర పట్టదు, దిగులు, భయం, మతిమరుపు, చివరికి ఉన్మాదం. ముదిరితే చావే. దక్షిణాది పిచ్చాసుపత్రుల్లో ఇలా మతి చలించి చేరినవాళ్ళు ఎందరో. ఇది అంటురోగమనీ, ఏదో క్రిమి మూలమనీ అప్పటి పెద్దల నిశ్చితాభిప్రాయం. రోగుల్ని చూసి జనం దూరంగా తొలిగేవారు.

గోల్డ్‌బర్గర్ ఆసుపత్రులూ అనాథాశ్రమాలూ తిరిగి చూశాడు. ఒక్క సంగతి ఆయన కంట్లో పడింది. రోగుల మధ్యే రాత్రింబవళ్ళు గడిపే నర్సులకీ నౌకర్లకీ ఈ జబ్బు రావడం లేదు. అంటురోగమైతే మనుషుల్ని ఎంచుకుంటుందా? తేడా కంచంలో ఉంది. రోగులకి పెట్టేది మొక్కజొన్న సంకటి, చెరకు పాకం, పందికొవ్వు. సిబ్బందికి పాలూ మాంసమూ అందుతున్నాయి. జాక్సన్ పట్టణంలోని రెండు అనాథాశ్రమాల్లోనూ, జార్జియా పిచ్చాసుపత్రిలో రెండు వార్డుల్లోనూ పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు గింజలు పెట్టించాడు. తిండి మారిన ఆ వార్డుల్లో మర్నాటి ఏడు జబ్బు తిరగబెట్టలేదు. పాత తిండే తిన్న రోగుల్లో దాదాపు సగం మందికి తిరగబెట్టింది.

తిండితో జబ్బు నయమైతే చాలదు, తిండితో జబ్బు పుట్టాలి గదా అన్నారు విమర్శకులు. 1915లో మిసిసిపీలోని ఒక జైలు వ్యవసాయ క్షేత్రంలో, క్షమాభిక్ష పెడతానన్న గవర్నరు మాట మీద ఖైదీలు కొందరు ముందుకొచ్చారు. నెలల తరబడి ఆ పేదల తిండే తిన్నారు. చివరిదాకా నిలిచిన 11 మందిలో 6గురికి పెల్లాగ్రా వచ్చింది. ఇలాంటి ప్రయోగానికి ఈనాడు ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అయినా క్రిమి వాదం చావలేదు. 1916లో గోల్డ్‌బర్గర్ రోగుల రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. వాళ్ళ చర్మపు పొక్కుల్నీ మలమూత్రాల్నీ పిండిలో కలిపి మింగాడు. ఆయన భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

ఆ తర్వాత దక్షిణ కరొలీనా నూలు మిల్లుల కూలీల ఇళ్ళకి వెళ్ళాడు. ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తతో కలిసి ఎవరి ఆదాయమెంత, ఎవరేం తింటున్నారు అని లెక్కలు తీశాడు. ఆదాయం తగ్గినకొద్దీ జబ్బు పెరుగుతోంది. ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. ఉన్న కాస్త మంచి తిండి మొగుడికీ పిల్లలకీ పెట్టి తాను మిగిలింది తినే తల్లి ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు! 1921లో పత్తి ధర పడిపోయినప్పుడు పెల్లాగ్రా విజృంభిస్తుందని ఆయన హెచ్చరించాడు. దక్షిణాది నాయకులకి పౌరుషం పొడుచుకొచ్చింది. తమ ప్రాంతంలో ఆకలి ఉందనడమే వాళ్ళకి అవమానమైంది.

ఆయన వెనక్కి తగ్గలేదు. చవకగా దొరికే ఈస్ట్ ఈ జబ్బుని ఆపుతుందని కనిపెట్టాడు. 1927 మిసిసిపీ వరదల్లో రెడ్‌క్రాస్ వాళ్ళు దాన్నే పంచారు. ఐతే ఆహారంలోని ఆ పదార్థం ఏమిటో తేలకుండానే, 1929 జనవరి 17న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యేమ్ దాన్ని పట్టుకున్నాడు. నికొటినిక్ ఆమ్లం, అంటే నియాసిన్. అది ఇచ్చిన కొద్ది రోజుల్లోనే, మతి తప్పిన రోగులు అయినవాళ్ళని గుర్తుపట్టడం మొదలుపెట్టారు.

కారణం ఇప్పుడు మనకి తెలుసు. శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, వాడుకునే శక్తి దాదాపు 20 శాతం. తిన్నదాన్ని కణాలు శక్తిగా మార్చుకోవడానికి నియాసిన్ కావాలి. మొక్కజొన్నలో అది ఉన్నా ఒంటికి అందని రూపంలో ఉంటుంది. సున్నపు నీళ్ళలో ఉడికించి వండుకునే మెక్సికో వాళ్ళకి అందుకే ఈ బాధ తక్కువ.

ఇది పరాయి దేశపు కథ మాత్రమే కాదు. జొన్న గటకా జొన్నరొట్టే ఆధారంగా బతికిన తెలంగాణ పేదల్లోనూ పెల్లాగ్రా ఉండేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా ఆ రోగుల్ని పరిశీలించి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కి ఇందులో పాత్ర ఉందని 1960లో ప్రతిపాదించారు.

నేడు పెల్లాగ్రా అరుదు. అయినా సన్నబడాలన్న పట్టుదలతో తిండి మానేసి, అనొరెక్సియా అనే జబ్బులో పడినవాళ్ళలో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంది. అలాంటివాళ్ళకి మాటల ఓదార్పూ కావాలి, డాక్టరు పర్యవేక్షణలో నెమ్మదిగా తిండీ కావాలి. ఎండిపోయిన మెదడుకి ఎంత మంచి మాటైనా ఒంటరిగా ఎక్కదు. మన హాస్టల్లో ఎవరైనా పూటపూటకీ భోజనం మానేసి, చిరాకుగా, దిగులుగా కనిపిస్తే, మనిషి మారిపోయాడని నింద వేయకముందు అన్నం తిన్నావా అని అడుగుదాం. గోల్డ్‌బర్గర్ జీవితమంతా రోగుల్ని అడిగింది ఆ ప్రశ్నే.