రైతు బాంధవులు ఆచార్య రంగా

మెట్టసీమలో పంట పండించుట యొక యెత్తు, పండినదానిని అమ్ముకొనుట మఱియొక యెత్తు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల రైతు నిమ్మకాయలను గాని, కూరగాయలను గాని కోసిన వెంటనే యమ్మవలెను. ఆలస్యమైనచో సరకు వాడిపోవును. ఈ తొందరయే దళారికి బలము. పెట్టుబడికి అప్పిచ్చినవాడును అతడే యైనచో, ధర చెప్పు హక్కు రైతునకు మిగులదు. రైతుల యిట్టి యిక్కట్టులను అర్థశాస్త్రవేత్తగా పరిశీలించి, వారిని సంఘటితులను జేయుటకు జీవితము ధారవోసిన మహనీయులు ఆచార్య గోగినేని రంగనాయకులుగారు.

వారు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు మండలము నిడుబ్రోలులో రైతు కుటుంబమున జన్మించిరి. ఆక్సుఫర్డులో విద్యనభ్యసించి, చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. గ్రామముల ఆర్థిక పరిస్థితులను విచారించి గ్రంథములు రచించిరి. 1930లో స్వాతంత్ర్యోద్యమమున ప్రవేశించిరి. ధర్మపత్ని భారతీదేవిగారును ఉద్యమమున వారికి తోడైరి.

మన నెల్లూరు మండలమునకు వారు క్రొత్తవారు కారు. వేంకటగిరి జమీను రైతుల పోరాటమున నెల్లూరు వెంకట్రామానాయుడుగారితోపాటు వారును రైతుల పక్షమున నిలిచిరి. రైతుబిడ్డలకు రాజకీయ, ఆర్థిక విషయములు బోధించుటకు నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నెలకొల్పిరి. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ యేర్పడగా దానికి ప్రధాన కార్యదర్శులైరి.

1959లో ఉమ్మడి సహకార వ్యవసాయము ప్రతిపాదింపబడినపుడు వారు దానిని గట్టిగా నెదిర్చి, కాంగ్రెసును వీడి స్వతంత్ర పార్టీకి అధ్యక్షులైరి. భూమి రైతు చేతనే యుండవలెననియు, అప్పు, ఎరువు, అమ్మకము వంటివానికి మాత్రము రైతులు స్వచ్ఛందముగా సహకరించుకొనవలెననియు వారి మతము. 1995 జూన్ 9న పరమపదించిరి.

దళారి పనియంతయు దోపిడియే యనుట న్యాయము కాదు. సరకు చేర్చుట, కొనువారిని వెదకుట, చెడిపోయిన సరకు నష్టము భరించుట గూడ నొక సేవయే. కాని తరుగు, కాటాకూలి, కమీషను పేర కోతలు పెరిగి, ధర రహస్యమైనపుడు సేవ పీడగా మారును. కలిగిరి, డి.సి.పల్లి వేలము కేంద్రములలో పొగాకు ధర అందఱి యెదుటనే తేలును. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతు బజారులు కూరగాయల రైతును కొనువారి యెదుటనే నిలిపినవి. అయినను పట్టణమునకు దూరమైన పల్లెరైతు ఒంటరిగా బుట్టెడు సరకు తీసికొనిపోయిన బండి కూలియైనను గిట్టదు. పదిమంది కలిసి పంపుటయే యుపాయము.

గ్రంథాలయమున పత్రికలోని ధరవరలు చదివి, తన లెక్క తాను వ్రాసికొను రైతును మోసగించుట సులభము కాదు. ఆ అలవాటు మన యూర స్థిరపడిననాడే రంగాగారికి మనము నిజమైన నివాళి నర్పించినవారమగుదుము.