అణాకో దోమకాటు.. మలేరియా గుట్టు బేగంపేటలో బయటపడిందిలా!

హైదరాబాద్: ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారితే తర్వాతి స్టేషన్ బేగంపేట. అక్కడ పాత ఎయిర్‌పోర్టు దగ్గర ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన ఓ పాత భవనం ఉంది. మలేరియాకి, దోమకి లింకు ఉందని తొలి గట్టి ఆధారం 1897లో ఇక్కడే దొరికింది. పట్టుకున్నది సర్ రోనాల్డ్ రాస్.

నిజానికి రాస్‌కి డాక్టర్ కావాలన్న కోరికే లేదు. 1857లో అల్మోరాలో పుట్టారు. తండ్రి సైన్యంలో జనరల్. కొడుక్కేమో కవిత్వం, బొమ్మలు, సంగీతం అంటే పిచ్చి. తండ్రి పట్టుబట్టడంతో లండన్‌లో మెడిసిన్ చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు.

అప్పట్లో మలేరియా చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. ఆ పేరుకి అర్థమే అది. 1880లో ఫ్రెంచ్ డాక్టర్ లావెరాన్ రోగి రక్తంలో పరాన్నజీవిని చూశారు. మరి అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పోతోంది? 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ రాస్‌కి దోమ మీద తన అనుమానం చెప్పారు. అయితే దోమ చచ్చిపడిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందన్నది అప్పటికి ఆయన ఊహ. కాటు మీదకి దృష్టి పోలేదు.

1895లో సికింద్రాబాద్ వచ్చిన రాస్ పని మొదలుపెట్టారు. మలేరియా రోగిని దోమలతో కుట్టించడం, తర్వాత ఆ దోమని కోసి చూడటం. ఏమీ దొరకలేదు. మధ్యలో కలరా డ్యూటీ మీద బెంగళూరు పంపారు. అసలు తప్పు ఎక్కడంటే, ఆయన కోస్తున్నవన్నీ మలేరియా మోయని జాతి దోమలే!

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న గోధుమరంగు దోమలు దొరికాయి. అవే అనాఫిలిస్. 16న వాటితో హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించి, కుట్టిన ప్రతి దోమకీ ఓ అణా ఇచ్చారు. వేడికి ఒళ్లంతా చెమట. పంకా ఊపితే దోమలు ఎగిరిపోతాయి కాబట్టి అదీ లేదు. చెమటకి మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి. ఆగస్టు 20న ఓ దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. రోగి రక్తంలోని పరాన్నజీవిలో ఉండే రేణువులూ అవే. మర్నాడు మరో దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే లోపల పెరుగుతున్నాయన్నమాట.

ఇంత జరిగాక ప్రభుత్వం చేసిందేంటి? మలేరియా పెద్దగా లేని రాజపుతానాలోని ఖేర్వారాకి బదిలీ! 1898లో కలకత్తా చేరాక ప్లేగు భయంతో జనం రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. దాంతో పక్షుల మలేరియా మీద పడ్డారు. ఆ జులైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని తేలింది. కాటుతోనే రోగం వస్తుందని అలా రుజువైంది.

మనిషి మలేరియాలో అనాఫిలిస్ పాత్రని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం పూర్తిగా చూపించింది. 1902 నోబెల్ మాత్రం రాస్ ఒక్కరికే దక్కింది. ఆ ఘనత కోసం ఇద్దరూ ఏళ్ల తరబడి గొడవపడ్డారు. అంత పెద్దమనుషులకి అది తగలేదనే చెప్పాలి.

1932లో రాస్ కన్నుమూశారు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. మలేరియా అనుమానం వస్తే ఇప్పటికీ వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి, గాజు పలకపై పరిచి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తున్నారు.