క్లౌ దొరగారి తొలి దినములు

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బాప్తిస్టు మిషను వారు, మన అధ్యక్ష మండలమునకు చెందినవారు కారు. అయినను ఆయన పేరు వినని తెలుగు క్రైస్తవులు అరుదు. 1878లో ఆయన ఆధ్వర్యమున జరిగిన వేలాది బాప్తిస్మములను తరచుగా చెప్పుకొందుము గాని, ఆయన కొత్తగా వచ్చిన దినములను తలంచుట తక్కువ.

1836లో అమెరికాలో జన్మించిన ఆయన మొదట భూముల సర్వే పనిలో ఉండిరి. (ఆ విద్య తరువాత కరువు కాలమున బకింగ్‌హాం కాలువ త్రవ్వించుటకు అక్కరకు వచ్చినది.) ఓడలో నెలల తరబడి ప్రయాణించి, 1865 ఏప్రిల్‌లో, నడి వేసవిలో, భార్యతో నెల్లూరు చేరిరి. వయస్సు 28. అదే ఓడలో తిరిగి వచ్చిన జూయెట్ దొరగారి తోడు ఉండెను గాని భాష కొత్త, మనుష్యులు కొత్త. తెలుగు, మరాఠీ, ఉర్దూ కలగలిసిన భైంసా సంతలో మాటకై తడుముకొనిన మా వంటి పాదిరులకు ఆ మూగతనము తెలియును.

1866లో ఒంగోలుకు మారిరి. అక్కడ భాషకంటె కఠినమైన పరీక్ష ఎదురయ్యెను. అగ్రకులముల పెద్దలు స్నేహముగా ఉండి, పిల్లలను బడికి పంపిరి. అయితే యెర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగ సోదరులను చేర్చుకొనిన యెడల తాము రామనిరి. చదువుకొన్నవారు ముందు వచ్చిన తక్కినవారు వెంట వత్తురను ఆశ ఎవరికుండదు? దొరగారును దొరసానిగారును వేర్వేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీ పత్రికలో అల్పులను దేవుడు ఎన్నుకొనుటను గూర్చిన భాగమే కనబడెనట.

మాదిగలను చేర్చుకొనిరి. పెద్దలు తమ పిల్లలను బడి మాన్పించిరి.