ఏటి ఒడ్డున ఐజాక్ వాల్టన్

ఇంగ్లండులో ఫిబ్రవరి మాసాంతానికి చలి ఇంకా విడిచిపోదు. నది నడిమి ప్రవాహం వణకు పుట్టించేంత చల్లగా ఉంటుంది. కాని ఒడ్డు వెంబడి, ఏరు లోనికి ఒదిగిన తావులలో లోతులేని మడుగులు ఏర్పడుతాయి. అక్కడి నిలుకడ నీరు ఎండ తగిలి ముందుగా వెచ్చబడుతుంది. నిరుటి రెల్లు, నీటి మొక్కలు అక్కడ మిగిలి ఉంటాయి. పైక్ అనే పెద్ద చేపలు ప్రవాహాన్ని విడిచి ఆ మడుగులకు చేరుకుంటాయి. బాతు ముక్కు వంటి చదునైన మూతి, వాడియైన పళ్లు, పచ్చని ఒంటిపై లేత పసుపు మచ్చలు గల ఈ చేప, మన కొరమేను వలె పొంచి ఉండి ఇతర మత్స్యాలను మ్రింగుతుంది. దీని నడవడిని 1653లోనే చక్కని ఇంగ్లీషు వచనంలో వర్ణించి చిరకీర్తి గడించినవాడు ఐజాక్ వాల్టన్. ఆయన విశ్వవిద్యాలయపు గడప తొక్కిన పండితుడు కాడు. లండను నగరంలో గుడ్డలు అమ్మి జీవించిన వర్తకుడు.

వాల్టన్ 1593లో స్టాఫర్డ్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి పానశాల నడిపేవాడు. కొడుకుకు నాలుగేండ్లు నిండక ముందే ఆయన మరణించినాడు. బాలుడు కొంత పెరిగిన పిమ్మట లండను చేరి, వస్త్రవ్యాపారియైన బావగారి వద్ద పని నేర్చుకొన్నాడు. 1618లో ఇనుప వర్తకుల సంఘంలో సభ్యత్వం లభించినది. ఆనాటి లండనులో సంఘం పేరుకూ, సభ్యుడు చేసే వ్యాపారానికీ పొంతన ఉండవలసిన పనిలేదు. ఆయన ఫ్లీట్ వీధిలో కాపురముండి, వర్తకం సాగించినాడు.

ఆ సమీపంలోనే సెయింట్ డన్‌స్టన్ దేవాలయం ఉన్నది. 1624లో దానికి మతాచార్యుడుగా వచ్చినవాడు మహాకవి జాన్ డన్. గుడ్డల వర్తకునికీ, ఆ కవికీ స్నేహం కుదిరినది. ఈటన్ విద్యాలయాధిపతి హెన్రీ వాటన్ కూడ మిత్రుడైనాడు. ఆయనకూ గాలం వేయడమంటే ఎంతో ప్రీతి. 1631లో డన్ మరణించిన పిదప ఆ కవి చరిత్ర వ్రాయడానికి వాటన్ పూనుకొని, విషయసేకరణకు వాల్టన్ సాయం కోరినాడు. కాని వ్రాయకుండానే 1639లో కన్నుమూసినాడు. ఆ బరువు వాల్టన్ మీద పడినది. 1640లో వెలువడిన ఆ జీవితచరిత్రతో నలుబది ఆరేండ్ల వర్తకుడు రచయిత అయినాడు.

ఆ సంవత్సరమే ఆయన ఇంట దీపం ఆరిపోయినది. 1626లో వివాహమాడిన భార్య రేచెల్ 1640లో మరణించినది. ఆమెకు కలిగిన ఏడుగురు బిడ్డలలో ఒక్కరూ పెరిగి పెద్దవారు కాలేదు. రెండేండ్లకు దేశంలో అంతర్యుద్ధం చెలరేగినది. 1649లో రాజు మొదటి చార్లెస్ శిరచ్ఛేదం జరిగినది. వాల్టన్ మిత్రులలో ఎందరో మతాచార్యులు పదవులు కోల్పోయినారు. ఆయన రాజపక్షపు మనిషి. 1651లో వూస్టర్ యుద్ధంలో రాజకుమారుడు ఓడి పారిపోగా, ఆయన రత్నఖచిత పతకాన్ని రహస్యంగా లండనుకు చేర్చే సాహసకార్యంలో వాల్టన్ పాల్గొన్నాడు.

ఇట్టి రోజులలో, 1653లో, ‘కంప్లీట్ ఆంగ్లర్’ వెలువడినది. సంపూర్ణుడైన గాలపు వేటగాడు అని దాని పేరుకు అర్థం. మే మాసపు ఉదయాన గాలపు విద్య తెలిసినవాడొకడు, తెలియనివాడొకడు దారిలో కలుసుకొని, లీ నది వెంట నడుస్తూ చేసే సంభాషణ ఇది. గాలం, ఎర, బెండు మొదలైన సాధనాల ముచ్చట్ల నడుమ పాటలు, సత్రపు భోజనాలు, వానకు చెట్టు నీడన నిలిచిన క్షణాలు వస్తాయి. యుద్ధాన్ని గూర్చి ఆయన గట్టిగా మాటలాడలేదు. కలహం లేని బ్రతుకు ఎట్లుంటుందో చూపినాడు.

పైక్ చేపకు కేటాయించిన అధ్యాయం ఉపాధ్యాయులూ విద్యార్థులూ ప్రత్యేకంగా గమనింపదగినది. మంచినీటికి ఇది నిరంకుశ ప్రభువని వాల్టన్ అభిప్రాయం. కొన్ని పైక్‌లు నీటి మొక్కల నుండి సూర్యుని వేడిమికి పుడతాయని గెస్నర్ అనే స్విస్ పండితుడు వ్రాసినది ఆయన నమ్మినాడు. మెడలో ఉంగరంతో రెండువందల ఏండ్లకు పైగా జీవించిన పైక్ కథనూ గ్రంథంలో చేర్చినాడు. ఇవి రెండూ తప్పులే. పైక్ ముప్పది ఏండ్లు దాటడం అరుదు. అయితే అదే అధ్యాయంలో, ఫిబ్రవరి చివరనో మార్చిలోనో, చలిని బట్టి కొంచెం ముందు వెనుకలుగా, ఆడ మగ చేపలు జతగా నదిని విడిచి కాలువలోనికో, చిన్న పాయలోనికో పోతాయనీ, ఆడచేప గ్రుడ్లు విడుస్తుండగా మగచేప దాపుననే తిరుగుతుందనీ వ్రాసినాడు. దీనిని నేటి శాస్త్రం కూడ అంగీకరిస్తుంది. గ్రుడ్లు జిగురుతో మొక్కలకు అంటుకొంటాయి. పొదిగిన పిల్లలు కూడ కొన్ని దినాలు ఆ ఆకులనే పట్టుకొని వ్రేలాడుతాయి. మొక్క నుండి చేప పుడుతుందన్న భ్రమకు బహుశా ఇదే మూలం. గ్రంథాల నుండి గ్రహించినచోట పొరపడిన వాల్టన్, ఏటి ఒడ్డున కనబడే విషయంలో పొరపడలేదు.

లోతులేని మడుగులలో గుమిగూడిన గ్రుడ్ల చేపను పట్టడం తేలిక. ఆ తేలికయే ప్రమాదం. మార్చి మొదలు మే వరకు చేపలను విడిచిపెట్టాలన్న నిషిద్ధ మాసాల కట్టుబాటును జనం పాటించకపోతే నదులన్నీ నశించిపోతాయని వాల్టన్ హెచ్చరించినాడు. రెండు శతాబ్దాలకు పైగా గడచిన పిమ్మట, 1878లో, ఇంగ్లండులో నదీమత్స్యాలకు విరామకాలం చట్టబద్ధమైనది. నేటికీ అక్కడి నదులలో మార్చి 15 మొదలు జూన్ 15 వరకు పైక్ వేట నిషిద్ధం. అయినా వాల్టన్ విమర్శకు అతీతుడు కాడు. బ్రతికున్న కప్పను ఎరగా గాలానికి గ్రుచ్చే విధానం ఆయన నేర్పినాడు. కవి బైరన్ ఆయనను క్రూరుడని నిందించినాడు. చేప సంతతిపై చూపిన దయ కప్పదాకా రాలేదు.

రెండవ భార్య ఆన్ 1662లో గతించినది. వృద్ధుడు కలం విడువలేదు. హుకర్, హెర్బర్ట్, సాండర్సన్‌ల జీవితచరిత్రలు 1665, 1670, 1678లలో వెలువడినవి. తనకంటె ముప్పది ఏడేండ్లు చిన్నవాడైన చార్లెస్ కాటన్ ఆయనకు పుత్రతుల్యుడైనాడు. డవ్ నది ఒడ్డున 1674లో కాటన్ కట్టించిన చిన్న ఇంటి ద్వారం మీద ఇద్దరి పేర్ల తొలి అక్షరాలు పెనవేసి చెక్కించినాడు. 1676లో వెలువడిన ముద్రణకు, బూటకపు ఈగతో చేపలు పట్టే విద్యపై కాటన్ రెండవ భాగం వ్రాసి చేర్చినాడు. నేటివరకు ఆ గ్రంథం వందలకొలది ముద్రణలు పొందినది.

1683 డిసెంబరు 15వ తేదీన తొంబదేండ్ల వాల్టన్ వించెస్టరులో మరణించినాడు. ఆ ఏడే వ్రాసిన మరణశాసనంలో షాలోఫర్డ్‌లోని తన పొలాన్ని స్టాఫర్డ్ ప్రజలకు వదలినాడు. దాని ఆదాయంతో ఇద్దరు పేద బాలురకు ఏటేటా చేతిపని నేర్పించాలి. ఒక పేద కన్యకు వివాహానికి సాయపడాలి. మిగిలిన ధనంతో బీదలకు బొగ్గు కొని పంచాలి. ఆ బొగ్గు జనవరి చివరి వారంలోనో, ఫిబ్రవరి మొదటి వారంలోనో అందాలని కూడ నిర్ణయించినాడు. పేదవాని పొయ్యి చల్లబడి, బ్రతుకు బరువయ్యే దినాలు అవేనని ఆయనకు తెలుసు. ఏ ఋతువులో చేపను విడిచిపెట్టాలో ఎరిగిన ఆ వృద్ధుడు, ఏ వారంలో మనిషిని ఆదుకోవాలో కూడ ఎరిగినాడు.